కదిపి.. కదిలించారు!

షేక్ అయిన ఫొటోకు కళ హోదా తెచ్చిన ఎర్న్‌స్ట్ హాస్

బళ్లారి కనకదుర్గమ్మ గుడి వద్ద సిడిబండి, కురుగోడులో దొడ్డబసవేశ్వరుడి తేరు, హంపిలో విరూపాక్షుడి తేరు.. సరిహద్దు పల్లెల్లో ఏటా జాతరలకు లోటుండదు. డప్పులు మోగుతాయి. జనం ఒక్కసారిగా కదులుతారు. కెమెరాలు క్లిక్‌మంటాయి. తీరా చూసుకుంటే కొన్ని ఫొటోలు మసకగా వస్తాయి. స్టూడియో వాళ్ల భాషలో అవి 'షేక్' అయిన ఫొటోలు. వాటి చోటు చెత్తబుట్టే. ఇప్పుడైతే సెల్‌ఫోన్లో డిలీట్ బటనే.

ఆ షేక్‌నే నమ్ముకున్న ఫొటోగ్రాఫర్ ఒకరున్నారు. కెమెరాను కావాలనే కదిపారు. ఎద్దును, గుర్రాన్ని, మనిషిని రంగుల గీతలుగా మార్చేశారు. అది తప్పు కాదు, చూసే పద్ధతి అని లోకాన్ని ఒప్పించారు. ఆయనే ఎర్న్‌స్ట్ హాస్. పుట్టింది వియన్నా, పేరొచ్చింది న్యూయార్క్‌లో. 1986లో కన్నుమూశారు. బొమ్మ మసకబారినా భావం మసకబారకుండా తీయడం ఎలాగో నేర్చుకోవాలనుకునే వాళ్లు నేటికీ ఆయన ఫొటోలనే ముందు పెట్టుకుంటారు.

నిలబడితేనే ఫొటో

హాస్ చేసిందేమిటో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. అందుకు దూరం పోనక్కర్లేదు. హంపి చాలు. 2021లో విజయనగర జిల్లా ఏర్పడే దాకా బళ్లారి జిల్లాలోనే ఉన్న ఊరది. మద్రాసు సైన్యంలో అధికారి అయిన అలెగ్జాండర్ గ్రీన్‌లా 1856 ప్రాంతంలో అక్కడి శిథిలాలను ఫొటోలు తీశారు. మైనం పట్టించిన కాగితమే ఆయనకు నెగటివ్. విఠలాలయం ముందున్న రాతిరథంపై అప్పట్లో ఇటుకల గోపురం ఉండేదని నేడు మనకు చూపించేది ఆయన ఫొటోనే. ఆ గోపురం తర్వాత పోయింది. ఫొటో మిగిలింది.

ఆ కాగితంపై బొమ్మ పడాలంటే నిమిషాల తరబడి వెలుతురు తగలాలి. గుడి కదలదు, రథం కదలదు కాబట్టి అవి చక్కగా వస్తాయి. ఎదురుగా మనిషి నడిచి వెళితే మాత్రం పొగలా చెరిగిపోతాడు. లేదంటే అసలే కనిపించడు. అందుకే ఆ రోజుల్లో ఫొటో అంటే శిలలా నిలబడటమే. స్టూడియోల్లో తల కదలకుండా వెనక ఇనుప ఊతం పెట్టేవారు.

అక్కడి నుంచి వందేళ్ల పాటు ఈ రంగంలోని శ్రమంతా కదలికను ఆపడానికే సాగింది. వేగంగా పట్టే ఫిల్మ్ వచ్చింది. సెకనులో 500వ వంతు, 1000వ వంతులో తెరుచుకుని మూసుకునే షట్టర్లు వచ్చాయి. పరుగెత్తే గుర్రం కాళ్లు గాల్లో ఆగిపోయాయి. అందరూ భళా అన్నారు. అయితే ఆ గుర్రం పరుగెడుతున్నట్లు మాత్రం అనిపించేది కాదు. గాల్లో వేలాడదీసిన బొమ్మలా ఉండేది. వేగం దొరికిందనుకున్న చోటే వేగం మాయమైంది. హాస్ పట్టుకున్నది సరిగ్గా ఈ లోటునే.

నాన్న వదిలిన చీకటి గది

1921 మార్చి 2న వియన్నాలో హాస్ పుట్టారు. తండ్రి ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగి. ఫొటోలంటే ఇష్టం. ఇంట్లోనే డార్క్‌రూం పెట్టుకున్నారు. తల్లికి కవిత్వం, చిత్రలేఖనం అంటే ప్రాణం. కొడుక్కి మాత్రం ఫొటోల మీద మొదట్లో పెద్దగా ఆసక్తి లేదు. బొమ్మలు వేయాలనే కోరిక ఉండేది.

1938లో హిట్లర్ సేనలు ఆస్ట్రియాను కలిపేసుకున్నాయి. హాస్‌కు అప్పుడు 17 ఏళ్లు. చదువుతున్న బడి మూతపడింది. కొంతకాలం జర్మన్ కార్మిక దళంలో చాకిరీ తప్పలేదు. తర్వాత వైద్య విద్యలో చేరినా ఏడాదికే బయటికి పంపేశారు. కారణం మార్కులు కాదు, వంశంలో యూదు మూలాలు ఉండటం. డాక్టర్ కావాల్సిన కుర్రాడికి ఆ దారి అక్కడితో మూసుకుపోయింది.

1940లో తండ్రి పోయారు. ఆ తర్వాతే హాస్ తండ్రి డార్క్‌రూంలోకి అడుగుపెట్టారు. పాత నెగటివ్‌లు తీసి ప్రింట్లు వేయడం మొదలుపెట్టారు. తండ్రి ఉండగా పట్టని విద్య తండ్రి పోయాక పట్టుబడింది.

వనస్పతికి కెమెరా

యుద్ధం ముగిసేసరికి వియన్నా శిథిలాల దిబ్బ. నగరాన్ని నాలుగు దేశాల సైన్యాలు పంచుకున్నాయి. తిండి దొరకడమే కష్టం. డబ్బుకు విలువ లేదు, సరుకుకే విలువ. 1946లో 25 ఏళ్ల హాస్ చేతికి మార్గరిన్ దిమ్మ ఒకటి వచ్చింది. మార్గరిన్ అంటే వెన్న బదులు వాడే, మన వనస్పతి లాంటి కొవ్వు. బరువు 20 పౌన్లు, అంటే 9 కిలోల పైమాటే. ఆకలి రాజ్యమేలుతున్న ఊళ్లో అది బంగారంతో సమానం. హాస్ దాన్ని నల్లబజారుకు పట్టుకెళ్లి రోలిఫ్లెక్స్ కెమెరాతో మార్చుకున్నారు. నెలల తరబడి ఇంటిల్లిపాదికీ సరిపోయే కొవ్వును కెమెరాకు ఇచ్చేయడం చిన్న సాహసం కాదు. ఆయన జీవితమంతా ఆ బేరం మీదే నిలబడింది.

1947లో వియన్నాలోని అమెరికన్ రెడ్‌క్రాస్ భవనంలో తొలి ప్రదర్శన పెట్టారు. 'హోయిటె' అనే పత్రికకు పని చేయసాగారు. ఆ రోజుల్లోనే ఫ్యాషన్ ఫొటోల పని మీద బయల్దేరి, దారిలో మరో దృశ్యం చూశారు. యుద్ధంలో పట్టుబడిన ఆస్ట్రియా సైనికులు రైళ్లలో తిరిగి వస్తున్నారు. స్టేషన్ నిండా తల్లులు, భార్యలు, పిల్లలు. ఎవరి మనిషి దిగుతాడో, ఎవరి మనిషి దిగడో తెలియదు. హాస్ ఫ్యాషన్ సంగతి వదిలేసి ఆ ముఖాలనే తీశారు.

అందులో ఒక ఫొటో నేటికీ గుండె పట్టేస్తుంది. ఒక తల్లి కొడుకు ఫొటోను చేత్తో పైకెత్తి చూపిస్తోంది. వీణ్ని ఎక్కడైనా చూశారా అని కళ్లతోనే అడుగుతోంది. పక్కనే ఒక సైనికుడు నవ్వు ముఖంతో తన ఇంటి వైపు సాగిపోతున్నాడు. ఒకే ఫ్రేములో ఒకరి పండగ, ఒకరి శోకం. ఇందులో మసక లేదు. ప్రతి ముడతా స్పష్టంగా కనిపిస్తుంది. కెమెరాను నిలకడగా పట్టడం రాక హాస్ తర్వాత దాన్ని కదిపారనుకుంటే పొరపాటు. నిలకడ ఆయనకు ముందే చేతనైన పని.

1949లో ఈ ఫొటోలు అచ్చయ్యాయి. అమెరికాలోని 'లైఫ్' పత్రిక కూడా వేసుకుంది. ఆ పత్రిక జీతమిచ్చి ఉద్యోగంలో పెట్టుకుంటానంది. హాస్ వద్దన్నారు. ఒకరు చెప్పింది తీయడం కన్నా తనకు తోచింది తీయడమే ముఖ్యమనుకున్నారు. రాబర్ట్ కాపా పిలుపుతో మాగ్నమ్‌లో చేరారు. ఫొటోగ్రాఫర్లే యజమానులుగా 1947లో పుట్టిన సంస్థ అది. కాపా, హెన్రీ కార్టియే బ్రెస్సాన్ వంటి ఉద్దండులు దాని వ్యవస్థాపకులు.

రంగుల్లో న్యూయార్క్

1951 నాటికి హాస్ మకాం అమెరికాకు మారింది. రోలిఫ్లెక్స్ పోయి చేతిలోకి చిన్న లైకా వచ్చింది. అందులో కొడాక్రోమ్ రంగుల ఫిల్మ్. అప్పట్లో పేరున్న ఫొటోగ్రాఫర్లకు రంగులంటే చిన్నచూపు. రంగు ప్రకటనలకు, సినిమా పోస్టర్లకు సరిపోతుంది గానీ కళకు నలుపు తెలుపే గతి అనేవారు. హాస్ వినలేదు. బూడిద రంగు యుద్ధకాలం గడిపి వచ్చిన మనిషికి రంగు అంటే బతుకు మళ్లీ మొదలు కావడమే.

న్యూయార్క్ వీధుల్లో నెలల తరబడి తిరిగారు. అద్దాల్లో నీడలు, చిరిగిన పోస్టర్లు, వాన నీళ్లలో దీపాలు.. ఏదీ వదల్లేదు. 1953లో 'లైఫ్' ఈ ఫొటోలకు ఏకంగా 24 పేజీలు ఇచ్చింది. రంగుల ఫొటోలకు అంత చోటు ఇవ్వడం ఆ పత్రిక చరిత్రలోనే మొదటిసారి.

మరుసటి ఏడాదే దెబ్బ మీద దెబ్బ. 1954 మే నెలలో మాగ్నమ్ మిత్రుడు వెర్నర్ బిషోఫ్ పెరూ కొండల్లో వాహన ప్రమాదంలో పోయారు. రోజుల తేడాలోనే కాపా ఇండోచైనా యుద్ధంలో మందుపాతరకు బలయ్యారు. సంస్థ బాధ్యతల్లో కొంత హాస్ భుజాన పడింది. ఆగిపోయిన బతుకులను ఆయన వియన్నాలో చాలినన్ని చూశారు. ఇక ఆయన కన్ను కదిలే వాటి మీదే పడింది.

ఎద్దుల బరిలో తేలిన కిటుకు

1956లో హాస్ స్పెయిన్‌లోని పాంప్లోనా వెళ్లారు. ఎద్దులతో మనుషులు తలపడే పోటీలకు పేరుమోసిన ఊరు. బరిలో మెరుపు వేగం. చేతిలో ఉన్నదేమో నత్తనడక ఫిల్మ్.

ఆ కాలపు కొడాక్రోమ్ వేగం 10. నేటి కెమెరాల్లో సాధారణంగా కనిపించే కనిష్ఠ సెట్టింగ్ 100తో పోల్చినా పదో వంతే. 1961లో వచ్చిన కొత్త రకం కూడా 25 దగ్గరే ఆగింది. మిట్టమధ్యాహ్నం ఎండలో పర్వాలేదు. బరిలో నీడ పరుచుకుంటే మాత్రం షట్టర్‌ను ఎక్కువ సేపు తెరిచి ఉంచక తప్పదు. తెరిచి ఉంచితే బొమ్మ షేక్. మిగతా వాళ్లయితే కెమెరా సర్దేసుకునే వేళ అది.

హాస్ సర్దుకోలేదు. ఎలాగూ షేక్ తప్పదన్నప్పుడు దాన్ని తన దారికి తెచ్చుకోవాలనుకున్నారు. ఎద్దు ఎటు తిరిగితే కెమెరాను అటు తిప్పారు. ఎర్ర గుడ్డ ఎంత వేగంతో ఊగితే చెయ్యీ అంతే వేగంతో ఊగింది. ఫిల్మ్‌పై పడిన బొమ్మలో వీరుడి ముఖం ఆనవాలు పట్టలేం. ఎద్దు నల్లటి సుడి. గుడ్డ రంగుల అల. అయినా చూసేవాళ్లకు ఒళ్లు ఝల్లుమంటుంది. సెకనులో చిన్న ముక్కను కోసి చూపించే ఫొటో కాదిది. ఆ సెకను ఎలా సాగిందో చూపించే ఫొటో.

అప్పుడు వెంటనే తెర మీద చూసుకునే వీలు లేదు. ఫిల్మ్ ల్యాబ్‌కు పోయి తిరిగి వస్తే గానీ ఏం పడిందో తెలియదు. అన్నీ చెడిపోయి ఉంటే అంత దూరం పోయిన శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే. పత్రిక ఎడిటర్ బల్ల మీద షేక్ ఫొటోలు పెట్టడమంటే పేరును పణంగా పెట్టడమే. 1957లో 'లైఫ్' వాటిని అచ్చు వేసింది. మరుసటి ఏడాది ఆటలు, గుర్రాల విన్యాసాల్లో రంగు, కదలికల మీద హాస్ తీసిన ఫొటోలకూ చోటిచ్చింది.

ఈ దారిలో నడిచిన మొదటి మనిషి హాసేనని చెప్పలేం. ఇటలీలో బ్రగాలియా సోదరులు 1911 ప్రాంతంలోనే కదలిక చారలతో ప్రయోగాలు చేశారు. అలెక్సీ బ్రోడోవిచ్ నాట్య ప్రదర్శనలను మసక మసకగా తీసి 1945లో పుస్తకం వేశారు. అవన్నీ నలుపు తెలుపులే. మసకకు రంగులద్ది, లక్షల ఇళ్లకు చేరే పత్రికలోకి ఎక్కించిన ఘనత మాత్రం హాస్‌దే.

చేతి ఒడుపే అంతా

ఇంతకీ ఇది ఎలా కుదురుతుంది? వేగం మొత్తం కన్నుకీ చెయ్యికీ మధ్య ఉంది. కదిలే వస్తువుతో సమానంగా కెమెరా తిరిగితే ఆ వస్తువు ఫిల్మ్‌పై దాదాపు ఒకే చోట పడుతుంది. అందుకే కాస్త స్పష్టంగా వస్తుంది. వెనకున్న జనం, గోడలు, చెట్లు మాత్రం చారలవుతాయి. దీన్నే ప్యానింగ్ అంటారు. షట్టర్ సెకనులో 30వ వంతు, 15వ వంతు, 8వ వంతు.. తగ్గేకొద్దీ చారలు పెరుగుతాయి, గురి తప్పే ప్రమాదమూ పెరుగుతుంది. పాదాలు నేల మీద పాతుకుని నడుము నుంచి పైభాగాన్ని తిప్పాలి. బటన్ నొక్కాక కూడా చెయ్యి ఆగకూడదు. విత్తనం చల్లే రైతు చెయ్యిలా సాగిపోవాలి. ఆగిందా, కుదుపు పడుతుంది.

రెండో పద్ధతిలో వస్తువు నిలిచే ఉంటుంది, కెమెరానే కదుపుతారు. నిలువుగా కదిపితే చెట్ల తోపు పచ్చటి జలతారు తెరలా వస్తుంది. అడ్డంగా కదిపితే నది, గట్టు, ఆకాశం రంగు పట్టీలుగా మారతాయి. తుంగభద్ర నీళ్లు పాలనురగలా వచ్చే ఫొటోలను చాలామంది చూసే ఉంటారు. అది వేరు. అక్కడ కెమెరా స్టాండ్ మీద నిలిచి ఉంటుంది, నీరే కదులుతుంది. ఇక్కడ కదలిక చేతిది. ఎండ మరీ ఎక్కువైతే లెన్స్ ముందు నల్ల ఫిల్టర్ పెట్టి వెలుతురు తగ్గించుకోవాలి. షట్టర్ వేగం మార్చుకునే వీలున్న సెల్‌ఫోన్‌తోనూ దీన్ని సాధన చేయొచ్చు.

అయితే ప్రతి షేకూ కళ కాదు. చూడగానే అది ఎద్దో, గుర్రమో, నాట్యమో మనసుకు అందాలి. గీత ఎటు పోతుందో తెలియాలి. కావాలని కదిపిన చెయ్యికీ, వణికిన చెయ్యికీ తేడా అక్కడే బయటపడుతుంది. హాస్ ఫొటోల్లో ఆ దిశ ఎప్పుడూ తప్పలేదు.

అందం వెనక నెత్తురు

పాంప్లోనా ఫొటోలను చూస్తే ఒక ప్రశ్న మాత్రం వదలదు. ఆ బరిలో ఎద్దు చివరికి చచ్చిపోతుంది. పొడిచిన ఈటెలు ఉంటాయి. కారిన నెత్తురు ఉంటుంది. హాస్ మసకలో అవన్నీ రంగుల అలల్లో కలిసిపోయాయి. బాధను అందంగా చూపించడం ఎంతవరకు న్యాయం? 'లైఫ్' పెట్టిన శీర్షికలోనే ఈ ఇబ్బంది దాగుంది. క్రూరమైన కళలో అందం అన్న అర్థం వచ్చేలా పేరు పెట్టారు.

మనకీ ఈ చర్చ కొత్త కాదు. జల్లికట్టును 2014లో సుప్రీంకోర్టు నిషేధించింది. తర్వాత తమిళనాడు, కర్ణాటక వంటి రాష్ట్రాలు చట్టాలు సవరించుకున్నాయి. 2023లో కోర్టు ఆ సవరణలను సమర్థించింది. సంప్రదాయం ఒకవైపు, మూగజీవి బాధ మరోవైపు. ఫొటో ఏ పక్షం వహించాలి? స్పష్టంగా తీస్తే గాయం కనిపిస్తుంది. మసకగా తీస్తే ఊపు కనిపిస్తుంది. రెండూ నిజమే, రెండూ సగమే. కెమెరాను కదిపేవాళ్లు దేన్ని చూపిస్తున్నారో, దేన్ని దాస్తున్నారో తెలిసి కదపాలి. రైల్వే స్టేషన్లో ఆ తల్లి ముఖాన్ని హాస్ మసక చేయలేదు. ఆ వివేకమే ఆయన విద్యలో అసలు భాగం.

మెచ్చుకోలు.. ఆపై చిన్నచూపు

1962లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం హాస్ రంగుల ఫొటోలతో ప్రదర్శన పెట్టింది. ఒక్క ఫొటోగ్రాఫర్ రంగుల ఫొటోలకు అంతటి గౌరవం అప్పట్లో అరుదు. అదే ఏడాది చూడటం అనే కళపై అమెరికా టీవీలో నాలుగు భాగాల కార్యక్రమం చేశారు. జాన్ హ్యూస్టన్ తీసిన 'ది బైబిల్' సినిమాలో సృష్టి ఆరంభ దృశ్యాల బాధ్యత ఆయనకే దక్కింది. ఆ సినిమా 1966లో విడుదలైంది. ఆ పని నుంచే 'ది క్రియేషన్' పుస్తకం పుట్టింది. 1971లో వచ్చిన ఆ ఫొటోల పుస్తకం 3.5 లక్షల ప్రతులకు పైగా అమ్ముడైంది.

ఇంత పేరొచ్చాక గాలి మారింది. 1976లో అదే మ్యూజియం విలియం ఎగుల్‌స్టన్ ఫొటోలు పెట్టింది. మామూలు ఇళ్లు, మామూలు వస్తువులు, అలంకారం లేని రంగులు. విమర్శకులకు అదే కొత్త దారిగా తోచింది. హాస్ ఫొటోలు మరీ అందంగా ఉన్నాయన్నారు. ఆయన మార్ల్‌బరో సిగరెట్ ప్రకటనలకు కౌబాయ్ ఫొటోలు తీయడం కూడా వాళ్ల కంటికి నలుసైంది. రంగు కళ కాదన్న రోజుల్లో రంగు కోసం నిలబడిన మనిషిని, రంగు గెలిచాక పక్కన పెట్టేశారు.

హాస్ పని మాత్రం ఆగలేదు. 1975లో అమెరికాపై, 1978లో హిమాలయ యాత్రపై పుస్తకాలు తెచ్చారు. యువ ఫొటోగ్రాఫర్లకు పాఠాలు చెప్పారు. 1986లో ఫొటోగ్రఫీలో అతి పెద్ద గౌరవాల్లో ఒకటైన హాసెల్‌బ్లాడ్ పురస్కారం ఆయనకు దక్కింది. అదే ఏడాది సెప్టెంబరు 12న పక్షవాతంతో న్యూయార్క్‌లో తుదిశ్వాస విడిచారు. వయసు 65.

పాతికేళ్ల తర్వాత లెక్క సరిచేసే ప్రయత్నం జరిగింది. హాస్ తనకోసం తీసుకుని పెద్దగా బయటపెట్టని ఫొటోలను విలియం ఎవింగ్ ఏరి 2011లో పుస్తకంగా తెచ్చారు. పత్రికల కోసం తీసిన వాటికన్నా అవి మరింత లోతుగా ఉన్నాయని చూసినవాళ్లు ఆశ్చర్యపోయారు. చిన్నచూపు చూసింది సగం హాస్‌నేనని అప్పుడు తెలిసింది.

నేటి ఫోన్లు వణుకును వాటంతట అవే సరిదిద్దేస్తున్నాయి. ఎవరు తీసినా బొమ్మ పలకలా స్పష్టంగా వస్తోంది. స్పష్టత చవకైన ఈ కాలంలో హాస్ పాఠం ఇంకా పదునుగా ఉంది. ముందు నిలకడగా తీయడం నేర్చుకోవాలి. తర్వాత దేనికోసం ఆ నిలకడను వదులుతున్నామో తెలుసుకోవాలి. ఆ రెండూ తెలిసిన చేతుల్లో కెమెరా కదిలితే చూసేవాళ్ల మనసూ కదులుతుంది.